బావికాడివారి వంశవృక్షం

ఆ రోజుల్లో నాకు రెండు నమ్మకాలుండేవి. పిల్లలకు చదువు రాలేదంటే తప్పు అంతకు ముందున్న సారుది అనేది ఒకటి, నేను వెళ్తే వస్తుందనేది రెండోది. బీఈడీ పట్టాతో పాటు ఈ రెండూ ఇచ్చి పంపారు. పటాన్‌చెరు కంపెనీల వెనక ఉన్న ఒక సర్కారు బడిలో విద్యా వాలంటీరుగా చేరిన నెలలోపే రెండూ వాటంతటవే తగ్గిపోయాయి. విద్యా వాలంటీరంటే పని టీచరుది, జీతం వాలంటీరుది (అదీ వచ్చినప్పుడు). జోగిపేట నుంచి బస్సులు మారి వచ్చేసరికి నా ఇస్త్రీ చొక్కా అప్పుడే బడి వదిలేసి వస్తున్నట్టు ఉండేది.

నాది ఐదో తరగతి. అందులో బీహార్ ఉంది, ఒడిశా ఉంది, నాందేడ్ మరాఠీ ఉంది, బీదర్ కన్నడం ఉంది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు వెనక బెంచీలో ఒక మూలకు సర్దుకుని కూర్చునేవారు. హాజరంతా కంపెనీ షిఫ్టుల చేతిలో ఉండేది. అమ్మకు పొద్దుటి షిఫ్టు పడితే పెద్దపిల్ల బడి మానేసి చంటివాణ్ణి ఎత్తుకోవాలి. నాన్నకు రాత్రి షిఫ్టు పడితే పగలు ఉన్న ఒక్క గదిలో ఆయన పడుకోవాలి కాబట్టి ఇంటిల్లిపాది పిల్లలూ మా క్లాసుకే. నా పాఠం బాగుండి క్లాసు నిండుతోందని మొదట్లో నేను కొంతకాలం సంతోషంగా ఉన్నాను. ఛఠ్ పండుగకు ఊరెళ్ళిన బీహార్ పిల్లలు నేర్చుకున్న గుణింతాలను అక్కడే దింపి వచ్చేవారు. వాళ్ళలో పింకీ అనే అమ్మాయి హిందీలోనూ, ఇంటి భాషలోనూ, పక్కగదివాళ్ళ ఒడియాలోనూ సమానంగా గొడవ పడగలదు. మా బడి లెక్క ప్రకారం వెనుకబడిన విద్యార్థిని.

సంక్రాంతి సెలవులు అయిన తర్వాత హెడ్మాస్టరు (అందరం పెద్దసార్ అనేవాళ్ళం) నన్ను పిలిచారు. "తమ్మీ, వచ్చే వారం సంగారెడ్డి నుంచి ఆఫీసర్ వస్తుండు. నీ క్లాసే సూస్తడంట. పిల్లలకు తెలుగు రాలేదన్నడనుకో, వచ్చే ఏడు నిన్ను ఉంచుడు నా చేతుల లేదు."

"ఎంత రావాలె సార్?"

"వచ్చినట్టు ఆయనకు అనిపియ్యాలె. గంతే."

నాకు ఆ ఉద్యోగం కావాలి. ఇంట్లో బాపు అప్పటికే నన్ను సారు అని పిలవడం మొదలుపెట్టాడు. మళ్ళీ పేరు పెట్టి పిలిపించుకోవడం ఇద్దరికీ కష్టం.

చదివించడం వారంలో అయ్యేది కాదని మాట్లాడించడం మీద పడ్డాను. నీ పేరేమిటి, మీ ఊరేది, ఇంటి పేరేమిటి, ఇలా. మధ్యలో పింకీ లేచి "సార్, ఇంటి పేరంటే ఏంది?" అని అడిగింది. అప్పటికి నా గొంతు పోయి ఉంది. "ఇంటికి ఒక పేరుంటది గద, గదే" అన్నాను. వ్యాకరణపరంగా అందులో తప్పేమీ లేదు.

ఆఫీసర్ వచ్చిన రోజు ఆయన పక్క కుర్చీలో పటేల్ తాత కూర్చున్నాడు, బడి కమిటీ ఛైర్మన్ హోదాలో. పాతకాలపు రైతు. పొలమంతా కంపెనీలకు పోయాక మిగిలిన ముక్కలో, ఎండిన బావి పక్కన, రేకుల గదులు వరసగా వేసి కార్మికులకు కిరాయికిచ్చాడు. నా క్లాసులో సగంమంది ఆ గదులవాళ్ళే. ఆఫీసర్ మొదట పింకీనే లేపారు.

"నీ పేరేంది బిడ్డా?"

"నా పేరు పింకీ కుమారి సార్."

"ఇంటి పేరు?"

"బావికాడి."

ఆఫీసర్ తల ఊపారు (మనవైపు అలాంటి ఇంటి పేర్లు ఉండేవే, అనుమానం రాదు). పక్కనున్న ఒడిశా పిల్లవాణ్ణి అడిగారు. వాడూ బావికాడే. ఆ వెనక నాందేడ్ పిల్లా బావికాడే.

"అందరు ఒక్క ఇంటోళ్లేనా?"

"హా సార్, ఒక్కటే ఇల్లు. లైన్‌గ ఉంటది," అంది పింకీ.

ఇంటికి ఒక పేరుంటదని నేను చెప్పింది నాకప్పుడు గుర్తొచ్చింది. పటేల్ తాత మాత్రం తన బావి పేరు వినబడిందని నవ్వుతూనే ఉన్నాడు. ఆఫీసర్‌కు ముచ్చటేసింది. "ఈ రోజుల్ల గింతమంది కలిసుంటున్నరంటే మంచిదే. మరి మీ ఇంటికి పెద్ద ఎవరు?"

పింకీ పక్క కుర్చీ వైపు వేలు చూపించింది. "గీ తాతనే. ఒకటో తారీఖు వస్తడు, అందరిని తిట్టి పోతడు."

"నన్నెందుకు గుంజుతవే పిల్లా," అన్నాడు పటేల్ తాత.

"బాత్రూం ఒక్కటే ఉన్నది సార్," అన్నాడు ఒడిశా పిల్లవాడు, అడగకుండానే. "పొద్దుగాల లైన్ కడ్తం. గందుకే నాకు బడికి లేట్ అయితది."

"ఝూట్ చెప్పకు. నువ్వు నిద్ర లేవవు, గందుకు లేట్," అంది పింకీ.

"మీ పాపా లోపలికి పోతే బయటికి వస్తడా? మేమందరం బకెట్లు వట్టుకొని నిలవడాలె."

"మా పాపాకు నైట్ డ్యూటీ. మీ అమ్మ బట్టలు ఉతుకుతది లోపల, గది చెప్పవేంది?"

నేను వచ్చే ఏడు గురించి ఆలోచించడం మొదలుపెట్టాను. జోగిపేట బస్టాండు దగ్గర ఒక జిరాక్స్ షాపులో మనిషి కావాలని విన్నాను. పటేల్ తాత కండువా సర్దుకుని, "గీ వాలంటీర్ సారే నేర్పిచ్చి చెప్పిస్తుండు గివన్ని," అన్నాడు.

"నేర్పిస్తే అందరు ఒక్కతీరు చెప్తరు పటేలా, గిట్ల కొట్లాడరు," అన్నారు ఆఫీసర్. తర్వాత నా వైపు తిరిగారు. "పుస్తకం చదివిచ్చి సూడను. సూస్తే మీకు పరేషాన్, నాకు పరేషాన్. గని వీళ్ళు తెలుగుల వాదించుకుంటున్నరు. నాకు గది సాలు."

ఆ ఒక్క మాటతో నా ఉద్యోగం నిలబడింది. పటేల్ తాత చాలా రోజులు నాతో మాట్లాడలేదు. ఎండాకాలం మొదట్లో చాయ్ హోటల్ దగ్గర ఆయనే పిలిచాడు. "ఆఫీసర్ ముంగట నా ఇజ్జత్ తీసిన్రు గద నీ పిల్లలు. గదికొక్క బాత్రూం కట్టిస్తున్న సారూ. టైల్స్ గిట్ల ఏపిస్తున్న." ఒక పాఠం వల్ల గోడ లేస్తుందని బీఈడీలో కూడా ఎవరూ చెప్పలేదు. నేను ఆ వేసవంతా కాస్త ఛాతీ విరుచుకునే తిరిగాను.

జూన్‌లో కొత్త చొక్కా వేసుకుని బడికి వెళ్ళాను. నా పిల్లలు ఆరో తరగతి గదిలో ఉండాలి. అక్కడ సగం బెంచీలు ఖాళీ. "అడ్మిషన్లు తగ్గినయ్ తమ్మీ, నువ్వే జెర బస్తీల తిరిగి రావాలె," అన్నారు పెద్దసార్. నేరుగా బావి దగ్గరికి వెళ్ళాను. బాత్రూముల తలుపులు వరసగా మెరుస్తున్నాయి. బకెట్లు లేవు, లైను లేదు, గొడవ లేదు. ఒక గది ముందు బనీను మీదున్న కుర్రవాడు బ్రష్ చేసుకుంటున్నాడు. పింకీ వాళ్ళ గురించి అడిగితే నురగ ఉమ్మి చెప్పాడు. "ఫ్యామిలీలన్ని పోయినయన్నా. బాత్రూంలు కట్టినంక కిరాయి పెంచిండు గద. అవతల కొత్త షెడ్లకు పోయిన్రంట. ఇప్పుడు అందరం బ్యాచిలర్లమే."

"ఆడ బడి ఉన్నదా?"

"ఏమో అన్నా. బాత్రూం అయితే లేదంట." కాసేపు నన్ను, నా చొక్కాను చూశాడు. "నీకు రూం గావాల్నా?"

మర్యాదకు కిరాయి అడిగాను. విన్నాక నాకూ కుదరదని చెప్పి వచ్చేశాను.

ఆ తర్వాత పర్మినెంట్ అయ్యాను, చాలామంది ఆఫీసర్లను చూశాను, వాదించుకునే క్లాసు మాత్రం మళ్ళీ దొరకలేదు. ఇప్పుడు ఆ వాలంటీరు కుర్రవాణ్ణి తలచుకుంటే కోపం రాదు, కొంచెం నవ్వొస్తుంది. తెలుగు వచ్చిన పిల్లలు ఎటు పోయారో తెలియదు, నేర్పినవాడు మాత్రం జీతం మీద భద్రంగా ఉన్నాడు. ఆ సంగతి అర్థమయ్యీ కాకుండానే అతడు ఆ రోజు బావి దగ్గర నుంచి వచ్చి, పరుగెత్తి సంగారెడ్డి బస్సు ఎక్కాడు. కిటికీ పక్క సీటు దొరికిందని ఆ పూట సంతోషించాడు కూడా.