కొంగున ముడేసిన చెవి మిషను

విమానం పైకి లేచేటప్పుడు వచ్చే ఆ పెద్ద శబ్దాన్ని మా అమ్మ వినలేదు. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అమ్మ ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లులో పనిచేసి చేసి చెవులు పోగొట్టుకుంది. పోయిన ఏడు చెవి మిషను కొనిచ్చాను. విమానం ఎక్కిస్తానంటే ఆమె అడిగింది ఒక్కటే, అది మన మిల్లు కన్నా గట్టిగా మోగుతుందా అని. విని వచ్చి చెబుతానని ఎమ్మిగనూరులో ఉన్న చిన్నమ్మకు మాట కూడా ఇచ్చింది.

కర్నూలు దగ్గర బెంగళూరు విమానం ఎక్కాము. అమ్మకు కిటికీ సీటు, నాకు వెనక వరుస. ఆమె పక్కన ఇస్త్రీ చొక్కా పెద్దమనిషి ఒకడు. ఫోన్లు ఫ్లైట్ మోడ్‌లో పెట్టమని చెప్పగానే వాడు అమ్మ చెవి వైపు చూసి, ఆ మిషను తీసేయమన్నాడు. దానివల్ల పైలట్ యంత్రాలు చెడి విమానం కూలుతుందని బెదిరించాడు. మిల్లు గేటు దగ్గర అగ్గిపెట్టెలు తీసిపెట్టి లోపలికి పోవడం ఆమెకు అలవాటు. ఒక్క నిప్పురవ్వ పడితే పత్తి మొత్తం బుగ్గి. తీయమంటే తీయాల్సిందే. మిషను తీసి కొంగున ముడేసుకుంది.

నేను గొడవపెట్టుకున్నాను. ఎయిర్ హోస్టెస్ వచ్చి, చెవి మిషను ఉంచుకోవచ్చని, ఫోన్ల సిగ్నల్ వల్లే పైలట్ల హెడ్‌ఫోన్లలో గరగర రావచ్చని చెప్పింది. ఆ మాట అమ్మకు వినబడితే కదా. పెట్టుకోమని సైగ చేస్తే తల అడ్డంగా ఊపింది.

"వద్దప్పా. ఇంతమంది పాణాలు. మనవల్ల ఎవురికీ ఏమీ కాగూడదు" అనింది.

విమానం రన్‌వే మీద పరుగందుకుంది. అప్పుడు మోగింది ఆ పెద్దమనిషి జేబులో ఫోను. సిగ్గులేనివాడు, ఎత్తి మాట్లాడాడు కూడా. లేచి వాడి చొక్కా పట్టుకోవాలనిపించింది. బెల్టు బిగించుకుని పళ్లు నూరుకున్నాను. వాడి మీద ఎంత కోపమో, చొక్కా నలగనివాడు ఏది చెప్పినా నిజమేననుకునేలా అమ్మను తయారుచేసిన వాళ్లందరి మీదా అంత కోపం.

బెంగళూరులో దిగాక అమ్మ ముడి విప్పి మిషను చెవికి పెట్టుకుంది. ముఖం వెలిగిపోతోంది.

"సప్పుడే లేదు కదప్పా. మన మిల్లే గట్టిది" అనింది.

తిరిగొచ్చి చిన్నమ్మకూ అదే చెప్పింది. నేను పక్కనే కూర్చుని, అవునన్నాను.