రాజవ్వ చదివించిన సర్క్యులర్

మొన్న ధామన్కర్ నాకా కూడలి దగ్గర ఆటో కోసం నిలబడి ఉంటే, పక్కనున్న ఆటసామాన్ల దుకాణంలోంచి కొత్త రబ్బరు వాసన వచ్చింది. లోపల కబడ్డీ మ్యాట్లు దించుతున్నారు. ఆ వాసనతో రాజవ్వ గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకున్నాను.

రాజవ్వ మా కాలేజీలో ఆటల గది అటెండరు. మాలాగే సిరిసిల్ల వైపు నుంచి ఈ తెలుగుకాని ఊరికి బతుకుతెరువుకొచ్చిన మనిషి. ఆమె భర్తా, మా నాన్నా శాంతి నగర్‌లో ఒకే కార్ఖానాలో సాంచలు, అంటే మరమగ్గాలు నడిపేవాళ్ళు కనుక నాకు అత్త వరుస అయింది. చదువు రాదు. అయినా ఏ బంతి ఎవరి దగ్గరుందో నోటిలెక్కన చెప్పేది.

ఆ రోజుల్లో కాలేజీలో కబడ్డీ మ్యాట్ అబ్బాయిలదే. మేము అమ్మాయిలం గచ్చు మీద ఆడి మోకాళ్ళు గీరుకునేవాళ్ళం. ఆ ఏడు అంతర్ కళాశాల పోటీలకు కూడా అబ్బాయిల జట్టునే పంపుతామన్నారు. ఆటల గదిలో కూర్చుని ఏడుస్తుంటే, రాజవ్వ నోటీసు బోర్డుకు అంటించమని తనకిచ్చిన సర్క్యులర్ ఒకటి తెచ్చి, ఇందులో ఆడపిల్లల ఆటల సంగతి ఉందని ఆఫీసులో అనుకుంటుంటే విన్నానంటూ నా చేతిలో పెట్టి చదవమంది. ఆటల్లో ఆడపిల్లలకూ మగపిల్లలకూ సమానంగా మైదానం, సామాను, పోటీల అవకాశం ఇవ్వాలని అందులో ఉంది. మూడుసార్లు చదివించుకుంది.

"మరి ఏడుస్తవేందే? కాయితం మీద ఉన్నదే అడుగుతున్నం. అది బిచ్చం కాదు బిడ్డా" అంది.

జట్టంతా అర్జీ మీద సంతకాలు చేశాం. దాన్ని తనే మోసుకుని మా ముందు నడిచింది. మిమ్మల్ని ఇళ్ళలో బయటి ఊళ్ళకు పంపరు కదా అన్నారు ప్రిన్సిపాల్. ఇళ్ళ సంగతి నాకొదలండి, రూలు సంగతి మీరు చూడండి అని రాజవ్వ తన వచ్చీరాని హిందీలో చెప్పింది. ఆయన సర్క్యులర్ తెప్పించుకుని చదివి, సరేనన్నారు.

ఆ సాయంత్రమే ఆమె కార్ఖానాకు వచ్చింది. సాంచల మోతలో ఏమీ వినపడక మా నాన్న సాంచ ఆపాడు. అంతా విని ఒక్కటే అడిగాడు.

"నువ్వు ఎంబడి పోతవా అక్కా?"

"నేను గాక ఇంకెవరు పోతరు తమ్మీ."

పోటీల్లో మొదటి ఆట గెలిచాం. రెండోది ఓడిపోయాం. రాజవ్వ అరుస్తూ గీత దాటి లోపలికొస్తుంటే అంపైర్ రెండుసార్లు బయటకు పంపాడు. తిరుగు ప్రయాణంలో బస్సు నడిమధ్య చీర కుచ్చిళ్ళు దోపుకుని కబడ్డీ కూత పెట్టి చూపించింది. నవ్వలేక చచ్చాం. మరుసటి వారం నుంచి మ్యాట్ మీద మాకూ గంటలు వచ్చాయి.

ఇప్పుడు నేను మాన్కోలి దగ్గర ఒక బడిలో వ్యాయామ టీచర్ని. ఏటా మైదానం టైంటేబుల్ వేసేటప్పుడు ముందు అమ్మాయిల గంటలు రాస్తాను. అబ్బాయిలు మూతి ముడిస్తే, ఎవరికెన్ని గంటలో వాళ్ళనే లెక్కపెట్టుకోమంటాను. ప్రతిసారీ సమానంగానే ఉంటాయి.