చిన్నాలమ్మను దింపేసిన మలుపు

పన్నెండేళ్ళుగా ఒక మాట మోస్తున్నాను. మోస్తున్నానంటే రోజూ కుమిలిపోతూ కూర్చున్నానని కాదు. తిన్నాను, నవ్వాను, కూతురి పెళ్ళి చేశాను, స్టాండులో నలుగురి మీద జోకులేశాను. కానీ ఘాట్ రోడ్డులో ఒక మలుపు దగ్గరికొస్తే మాత్రం పక్కనెవరున్నా మాట ఆపేస్తాను. డ్రైవింగ్ మీద శ్రద్ధ అనుకుంటారు జనం. శ్రద్ధా, నా మొహమా!

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళ ముందు నోరు విప్పే ధైర్యమే ఉంటే ఈ కాగితాలు ఎందుకు?

మొన్న మా మేనల్లుడు రాజు వచ్చాడు. పాడేరు వైపు సర్వీసు తోలుకునే పెట్రోలు వ్యాను ఉంది వాడికి. టీ గ్లాసు ఇంకా అందుకోనేలేదు, అడిగేశాడు.

"మావా, పెట్రోలు పోయించలేక సచ్చిపోతన్నాను. బండికి గేస్ పెట్టించీమంటావా, వద్దా? నువ్వప్పట్లో పెట్టించినావు కదా. బేగి సెప్పు."

బేగి చెప్పమన్నాడు. తొందరగా చెప్పేసే సంగతా అది!

నేను చింతపల్లి స్టాండులో ఇరవై ఏళ్ళు వ్యాను తోలినవాణ్ణి. నర్సీపట్నంలో జనాన్ని ఎక్కించుకుని ఘాట్ ఎక్కడం, మళ్ళీ దిగడం, అదే నా పని. ఎనిమిది మంది పట్టే బండిలో పధ్నాలుగు మందిని కుక్కేవాణ్ణి. అది నేను ఒప్పుకునే తప్పుల్లోకి కూడా రాదు, స్టాండులో అందరం అంతే. ఘాట్ అంతా రెండో గేరులో ఏడుస్తూ ఎక్కే బండి పెట్రోలు ఎలా తాగుతుందో తోలినవాడికే తెలుస్తుంది. అందుకే గేస్ పెట్టిద్దామా అని నెలల తరబడి ఆలోచించాను.

నిజం చెప్పాలంటే బాగానే ఆలోచించాను. సరైన కిట్టు, సరైన ట్యాంకు పెట్టించి, రవాణా ఆఫీసులో బండి పుస్తకంలో ఎక్కించుకుంటే తప్పేమీ లేదు. కానీ గేస్ పోసే బంకు కొండ మీద లేదు. ఎక్కడో కింద ఉంది. పైగా గేస్ మీద బండికి ఎత్తులో లాగుడు తగ్గుతుంది. మా చలికాలం పొద్దుటిపూట గేస్ మీద అసలు స్టార్టే అవదు, పెట్రోలు మీద లేపి తర్వాత స్విచ్చి తిప్పుకోవాలి. ఇవన్నీ చూస్తే కొండ మీద తిరిగే బండికి అది పనికిరాదు. నాకా సంగతి తెలుసు. తెలిసీ ఇంకో దారి ఎంచుకున్నాను. వంటింటి సిలిండరు తెచ్చి, వెనక సీటు వెనక పడుకోబెట్టి, గోనెపట్టా కప్పేసి, దొంగచాటుగా బిగింపించుకున్నాను.

బిగించిన మెకానిక్ నా ఈడువాడే. చేతులు తుడుచుకుంటూ ఒక మాట చెప్పాడు. "వాసనొచ్చిందనుకో, ఇంకేటీ ఆలోసించకు. బండాపీ, అందర్నీ దింపీ."

అందర్నీ అన్నాడు. ఆ ముక్క నాకు బాగా గుర్తుంది.

ఇక చిన్నాలమ్మ సంగతి. కొండ మీద పల్లెలో ఉండే మనిషి. అప్పటికే తల నెరిసింది. సంతకు ముందు కిందికి దిగి ఎండుచేపలు కొనేది. తట్టలో పేర్చుకుని నా బండిలోనే పైకొచ్చి, సంతలో గుప్పెళ్ళ లెక్కన అమ్మేది. చోళ్ళకూ, అంటే రాగులకూ, చింతపండుకూ కూడా మార్చుకునేది. ఎప్పుడూ వెనక సీటే. తట్ట వెనకాలే, గోనెపట్టా పక్కన.

ఆ రోజు సంత. బండి నిండా జనం. ఘాట్ సగం ఎక్కామో లేదో ఎవరో "ఏటిది, ఇంత కంపు?" అన్నారు. ఇంకొకరు ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకున్నారు. నాకు ఆ క్షణమే తెలిసిపోయింది. మా ఇంట్లో గేస్ పొయ్యి ఉంది. బండిలో ఉన్నవాళ్ళవన్నీ కట్టెల పొయ్యిలు. ఆ వాసన దేనిదో వాళ్ళకు తెలియదు.

ఏం చేయాలి? బండి ఆపి అందర్నీ దింపేస్తే ఎందుకని అడుగుతారు. చెప్తే సంతకు చేరేలోపు మాట కొండంతా పాకిపోతుంది. బండి పట్టుకుపోతారు, కేసు రాస్తారు, ఇంకెవరూ నా బండెక్కరు. ఇదంతా ఒక్క మలుపు తిరిగేలోపు అనుకున్నాను. ఇంతమంది ప్రాణాల గురించి అనుకున్నానా? అనుకున్నాను. అనుకుని పక్కన పెట్టాను. జరిగింది అదే.

బండి ఆపి వెనక్కి తిరిగి, "ఏటి మామ్మా, కుళ్ళిపోయిన సేపలట్టుకొచ్చినావేటి? బండంతా కంపు కొట్టేత్తంది!" అన్నాను.

చిన్నాలమ్మ నా వైపు ఆశ్చర్యంగా చూసింది. "నా సేపలు కావు బావూ. ఎండిన సరుకు కుళ్ళడమేటి? నా సేపల వాసన నాకు తెల్దేటి? ఇదింకేటో. నీ బండిలోదే. ఓపాలి సూసుకో."

"నా బండికే వంక పెడతన్నావా? దిగు, దిగు. ఎనకాల ఇంకో బండొత్తాది, అందులో ఎక్కు."

ఆమె జనం మొహాలు చూసింది. తలలు పక్కకు తిప్పుకున్నారు. అందరికీ సంతకు ఆలస్యమవుతోంది. దిగింది. గుడ్డ చుట్టి నెత్తిన పెట్టుకుని, "తట్టెత్తు బావూ" అంది. నేనే ఎత్తాను, ఈ చేతులతోనే. ఎత్తేటప్పుడు తట్ట నా మొహానికి ఆనుకుంది. ఉప్పు, ఎండ. అంతే, ఇంకే వాసనా లేదు.

మిగతావాళ్ళతో బండి కదిలించాను. గేస్ స్విచ్చి పెట్రోలుకు తిప్పేసి అద్దాలన్నీ దింపమన్నాను. వెనకెవరో బీడీ తీశారు. "ఇప్పుడొద్దన్నా, కంపు పోనీ" అన్నాను. ఎంత నెమ్మదిగా అన్నానంటే, నా గొంతు నాకే వేరేవాడిదిలా వినిపించింది. తెలియక చేశాను అని ఎవరికైనా చెప్పుకుందామన్నా ఆ ఒక్క మాట నన్ను చెప్పుకోనివ్వదు.

ఏమీ కాలేదు. దేవుడి దయో, తెరిచిన అద్దాల దయో. సంతలో అందరూ దిగాక బండి దూరంగా పెట్టి, గొట్టం అతుకు మీద సబ్బు నురగ రాశాను. బుడగలు బుసబుసా లేచాయి. వారం తిరక్కుండా ఆ సిలిండరూ కిట్టూ పీకించేసి మళ్ళీ పెట్రోలుకే వచ్చేశాను. లాగుడు లేదని తీయించేశానన్నాను. అందరూ నమ్మారు.

అక్కడితో అయిపోయినా బాగుండేది. చేపల కంపు సంగతి ప్రయాణికులు స్టాండులో చెప్పారు. డ్రైవర్లందరం కూర్చుని ఎండుచేపల తట్టలు ఇక ఎక్కించకూడదని తీర్మానం చేశాం. ఒప్పుకునేవాళ్ళు చెయ్యెత్తమంటే నేనూ ఎత్తాను. ఎర్ర రంగుతో బోర్డు మీద రాయించారు. చిన్నాలమ్మ కొన్నాళ్ళు ఆ ఘాట్ నడిచి ఎక్కింది. నెత్తిన తట్టతో, రోడ్డు వారగా. నా బండి ఆమెను దాటుకుంటూ పోయేది. తర్వాత కింది వ్యాపారులు సొంత ఆటోల్లో చేపలు తేవడం మొదలుపెట్టారు. ఆమె సంతకు రావడం మానేసింది.

ఇంతకీ రాజుకేం చెప్పాను? "పెట్టిస్తే సరైన కిట్టు పెట్టించి పుస్తకంలో ఎక్కించుకో, బంకు గేసే పోయించు. మన కొండ మీద ఆ బంకు లేదు కాబట్టి మానీ. వంటింటి సిలిండరు జోలికి మటుకు ఎల్లావో, నా గుమ్మం తొక్కకు" అన్నాను. కాస్త గట్టిగానే అన్నాను. వాడు బిత్తరపోయాడు. "నీకేటైనా అయినాదేటి మావా?" అన్నాడు.

"ఏటీ అవనేదు" అన్నాను.

మళ్ళీ అబద్ధం. పన్నెండేళ్ళ తర్వాత కూడా, సొంత మేనల్లుడి దగ్గర! నా మీద నాకే అసహ్యం వేసింది. మర్నాడు ఉదయమే చిన్నాలమ్మ పల్లెకు వెళ్ళాను.

అరుగు మీద కూర్చుని మిరియాలు ఏరుతోంది. నన్ను గుర్తుపట్టి కూర్చోమంది. "మామ్మా, అప్పుడు నిన్ను దారిలో దింపేసినాను..." అని మొదలుపెట్టాను. పూర్తి చేయనివ్వలేదు. నవ్వేసింది.

"దింపక ఏటి సేత్తావు బావూ? నాకే ముక్కు పోనాది. నా తట్ట కంపు నాకే తెలీనేదు. నీ మీద ఎగిరినాను గానీ, అంతమంది అన్నాక అబద్ధమవుతాదేటి? అప్పట్నించి నా ముక్కును నాను నమ్మను. కూర పాడైనాదో నేదో కూడా మనవరాలే సూసి సెప్పాల."

అంతలోనే తలెత్తి లోపలికి కేకేసింది. "గుంటా, జావ అడుగంటుతున్నట్టుందే, ఓపాలి సూడు!"

"అవునే అమ్మమ్మా, అంటుకుపోనాది" అంది మనవరాలు లోపల్నుంచి. తన ముక్కే ముందు పసిగట్టిందని చిన్నాలమ్మ గమనించనేలేదు. మళ్ళీ మిరియాల మీదికి వంగింది.

అప్పుడైనా చెప్పాలి కదా? నోటి చివరిదాకా వచ్చింది. చెప్తే ఆమె ముక్కు ఆమెకు తిరిగొస్తుంది, నా మొహం ఇక ఎక్కడా చెల్లదు. అంతే తేడా. ఆమె ఇచ్చిన మంచినీళ్ళు తాగి, వస్తానమ్మా అని లేచి వచ్చేశాను. పిరికివాణ్ణి. క్షమించమని ఇప్పుడు మిమ్మల్ని అడగడం లేదు. మీరు క్షమిస్తే మాత్రం ఆమెకు ఒరిగేదేముంది?

ఎక్కడో ఒకచోట అయినా నా చేత్తో ఇది రాసి ఉండాలి. ఆ రోజు కారింది నా బండిలోని గేసు. అది నాకు తెలుసు. చిన్నాలమ్మ ముక్కుకు అప్పుడూ ఏమీ కాలేదు, ఇప్పుడూ ఏమీ కాలేదు.