భోజనం గడి

పొద్దున్నే దూడలకు పాలు పట్టాక, స్కూలు బస్సు వచ్చేదాకా మారిట్ కొట్టం గుమ్మంలో నిలబడి, చేల మీది పొగమంచు విడిపోవడం చూసేది. పదహారేళ్ల పిల్ల, పెదవులు ప్రార్థనలోలా కదిలేవి. ఆ తెలుపులో పశువుల డాక్టరై నడిచివస్తున్న తానే కనిపించేది. ఆ కలతోనే వచ్చే ఏడాది తీసుకోబోయే పాఠాల కాగితాన్ని పెన్సిలుతో నింపింది: రోజుకున్న ఎనిమిది పీరియడ్ల గడుల్లోనూ కష్టమైన పై స్థాయి పాఠాలే. ఎనిమిదీ పై స్థాయివేనని అమ్మ అప్పుడే చర్చిలో అందరికీ చెప్పుకుంది కూడా. బడిలో పిల్లలకు సలహాలు చెప్పే కుబిట్జ్ గారు కాగితం చూసి కళ్లద్దాలు నుదుటి మీదికి తోశారు.

"భోజనం గడిలో ఫ్రెంచి రాశావేమ్మా? తినేదెప్పుడు?"

"బస్సులో, సార్."

"మరి నిద్ర?"

"అదీ బస్సులోనే."

"అయితే మార్కులు ఆ బస్సుకే వెయ్యాలి!"

నవ్వారే గాని ఆయన ఏదీ కొట్టెయ్యలేదు. రబ్బరు ఆమె వైపు మెల్లగా జరిపారు. మారిట్ రబ్బరు అందుకుంది. లెక్కలు, జీవశాస్త్రం, కెమిస్ట్రీ పై స్థాయివే ఉంచుకుంది. చరిత్ర, మిగతావీ మామూలువి చేసుకుంది. ఫ్రెంచి చెరిపేసింది. గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"సార్, అమ్మతో మీరే చెప్పరూ? నేను చెబితే భయపడ్డాననుకుంటుంది. మీరు చెబితే, పిల్ల వేళకు తింటుందిలే అనుకుంటుంది."