గుచ్చడానికి టికెట్టు లేని రోజు

మా ఆఫీసు సీనియరొకాయన అమీర్‌పేట నుంచి పంజాగుట్ట క్లయింటు దగ్గరికి సిటీబస్సులో వెళ్లి, ఆ టికెట్టునే ఖర్చుల ఫారానికి గుండుసూదితో గుచ్చేవాడు. అదే దారికి మేమంతా ఆటోకు నలభై రాసేవాళ్లం. కిరాణా కొట్టులో పెరిగినవాణ్ని కనక నేను ముప్పైకి బేరమాడి మరీ నలభై రాసేవాణ్ని.

"అన్నా, నీ టికెట్టు చూసి మేనేజరు మా బిల్లులు ఆపిండు" అన్నాను.

"అందరు తిట్టుకుంటున్నరా?" అని నెమ్మదిగా అడిగాడు. "సరే, ఇగ నేను సుత నలభై రాస్త."

మర్నాడు ఇద్దరం కలిసి బయల్దేరాం. ఆటో ఆపి నేను ముప్పై అనగానే నా భుజం పట్టుకున్నాడు.

"బేరం చేయకు తమ్మీ. నలభై రాస్తమన్నంక నలభై ఇయ్యాలె."

ఆయనే ఇచ్చాడు. సాయంత్రం ఫారం నింపి, గుచ్చడానికి టికెట్టు లేక గుండుసూదిని చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. పక్క సీట్లో నేను అదే ఆటోకు నా నలభై రాసుకున్నాను.