వేడెక్కితే గానీ పలకని పెట్టె

మా అల్లుడు సోంబరు మంచివాడే. తాగడు, నా కూతురి మీద చెయ్యెత్తడు, కాఫీ తోటలో ఒళ్ళు దాచుకోడు. ఒక్కటే రోగం. తన గిటారు పెట్టె వేడెక్కితే గానీ తీగ మీద వేలు పెట్టడు. పెళ్ళి ఆగిపోనీ, ప్రార్థన ఆగిపోనీ, పెద్ద ఆఫీసరు మైకు పట్టుకుని నిలబడి ఉండనీ, "ఇంకా వేడెక్కలేదండి" అంటాడు. అని, జొరమొచ్చిన పిల్ల నుదురు చూసినట్టు ఆ పెట్టె మీద చెయ్యి వేసి చూస్తాడు. అది చూసినప్పుడల్లా సిగ్గుతో నా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. అల్లుడంటే పరాయివాడు కాదు, నా తమ్ముడి కొడుకే. అందుకే 'వాడు' అంటున్నాను. పరాయివాడైతే ఇంతకంటే పెద్ద మాటే అనేదాన్ని.

పెట్టె సంగతి చెప్పాలి. కరెంటు గిటారుకి సొంత గొంతు లేదు. ఉత్తినే మీటితే చెవి దగ్గర దోమ తిరిగినట్టుంటుంది. ఆ దోమని ఏనుగుని చేసే పెట్టెని ఆంప్లిఫయరు అంటారు. ఈ కాలం పెట్టెలు స్విచ్చి నొక్కగానే అరుస్తాయి. మా వాడిది పాతకాలంది. దాని కడుపులో గాజు గొట్టాలుంటాయి, వాల్వులంటారు. అవి చలిమంటలో నిప్పుల్లా ఎర్రబడితేనే చప్పుడు బయటికొస్తుంది. విశాఖపట్నంలో ఒక హోటలు బ్యాండు మూతబడితే వాళ్ళ దగ్గర కొన్నాడు. ఫెండరు కంపెనీదట. దూడంత బరువు.

దాన్ని తెచ్చిన రోజు నేనూ వాడితోనే ఉన్నాను, కంటి ఆసుపత్రికి వెళ్ళి వస్తూ. బస్సులో నా పక్క సీట్లో వాడు కూర్చోవాలి కదా. పెట్టెని కూర్చోబెట్టాడు. మంచు తగులుతుందని తన స్వెట్టరు విప్పి దానికి తొడిగాడు. జారిపోకుండా చేతులు రెండూ ముందుకి తెచ్చి ముడేశాడు. చూస్తే చేతులు కట్టుకుని కూర్చున్న పొట్టి మనిషిలా ఉంది.

కండక్టరు వచ్చాడు. "ఏటమ్మా, ఈయనకి టిక్కెట్టు తీశారా?"

బస్సంతా గొల్లుమంది. నేను ముసుగు ముక్కు దాకా లాక్కున్నాను.

"అల్లుడా, దాన్ని కిందెట్టు."

"గాజు గొట్టాలత్తా. ఘాటీ రోడ్డు కుదుపులకి పగిలిపోతాయి."

"నువ్వు చలికి వణుకుతన్నావు కదరా."

"నాను పగలను కదత్తా."

అరకు దాకా నిలబడే వచ్చాడు. మలుపు తిరిగినప్పుడల్లా నా వంక కాదు, పెట్టె వంక చూశాడు. "బాగానే ఉంది" అని నాకు చెప్పాడు కూడా, నేనేదో దాని కోసం బెంగ పెట్టుకున్నట్టు.

సాయంత్రాలు పొయ్యి దగ్గర కూర్చుంటే నాకు పాఠాలు మొదలెట్టేవాడు. "అత్తా, కొత్త పెట్టెని గట్టిగా వాయిస్తే రేకు డబ్బాలో రాళ్ళేసి ఊపినట్టుంటాది. వాల్వు పెట్టె అలాగ పగలదు, సాగుతాది. ఏడుపు ఆపుకుంటన్న మనిషి గొంతులో జీర వత్తాది సూడు? ఆ జీర వత్తాది. గిటారోళ్ళు దానికోసమే సచ్చిపోతారు."

"సావండి."

"అన్నీ ఒక్కలాగుండవత్తా. ఫెండరంటే మన వాగు నీళ్ళు, అడుగున రాయి కనపడతాది. మార్షలంటే తుప్పల్లోంచి ఎలుగ్గొడ్డు లేచినట్టు. వాక్సంటే మేకల మెళ్ళో గంటలు. నెమ్మదిగా మీటితే నెమ్మదిగా, కోపంగా మీటితే కోపంగా. ఏలు ఎలాగ సెప్తే అలాగ ఇంటాది."

"మీ మావ కూడా నా మాట అంత బాగా ఇన్లేదురా" అన్నాను. నా కూతురు సత్యకుమారి పక్కనుంచి నవ్వింది. వాడు నవ్వలేదు. పెట్టెల గురించి మాట్లాడేటప్పుడు వాడు నవ్వడు.

ఇంట్లో ఎలా ఉన్నా సరే. నాకు వచ్చిన చిక్కంతా ఆదివారం. మా చర్చి మెట్ట మీద ఉంది, మా ఇల్లు కింద. చర్చిలో మొదటి పాట నాది. నేను ఎత్తుకుంటే మిగతా వాళ్ళు అందుకుంటారు. పుస్తకం చూడను, చూసినా చదవలేను, పాటంతా గొంతులోనే ఉంటుంది. మా ఆయన పోయాక నాకంటూ మిగిలిన మర్యాద అదొక్కటే. దాని మీద రాజకుమారికి ఎప్పట్నుంచో కన్ను. వయసులో చిన్నది, ఫోనులో పాటలు చూసి పాడుతుంది, గొంతు బాగుంటుంది. నేను లేనప్పుడు మాత్రమే బాగుంటుందని అనుకునేదాన్ని.

ఆదివారం సోంబరు ముందే పైకెళ్ళి పెట్టెకి స్విచ్చి వేసి, ఒక్కసారి తీగలన్నీ కలిపి మీటేవాడు. ఆ మోత లోయంతా తిరిగి మా వాకిట్లోకి వచ్చేది. అది విన్నాకే నేను బయల్దేరతాను. ముందే వెళ్ళి ఖాళీ చాపల్ని చూస్తూ కూర్చునే అలవాటు నాకు లేదు. దారిలో కాఫీ మొక్కల దగ్గర ఆగి కాయ పట్టిందో లేదో చూస్తాను. మిరియాల తీగ దగ్గర ఆగి ఆకు తిప్పి చూస్తాను. పై మలుపులో ఎవరి మేకైనా కనపడితే తిడతాను. నడిచే మనిషి ఆగిందంటే కాళ్ళనొప్పనే అర్థం కాదు.

నేను లోపలికి అడుగుపెట్టేసరికి ఏముంటుంది? పిల్లలు ఏడుస్తుంటారు, మగవాళ్ళు ఆవులిస్తుంటారు, ప్రేమ్‌కుమార్ పాస్టరుగారు గడియారం చూసుకుంటుంటారు. అందరి మధ్యలో మా వాడు పెట్టె మీద చెయ్యేసుకుని, కళ్ళు అరమోడ్చి, మంత్రసానిలా కూర్చుని ఉంటాడు. నన్ను చూసి లేచేవాడు. "ఆఁ, వేడెక్కిందండి."

రాజకుమారి ఊరుకుంటుందా? "సోములమ్మత్తా, మీ అల్లుడి పెట్టెకి అంత సలేటి? ఓ కంబళి కుట్టించకపోయావా?"

చుట్టూ నవ్వులు. ఆ నవ్వుల మీదే నేను పాట ఎత్తుకోవాలి. నా టైము మాత్రం ఎంత కచ్చితమో చూడండి. ఏ ఆదివారమూ నేను ఆలస్యంగా రాలేదు. నేను రావడమూ అది వేడెక్కడమూ ఒక్కటే. నాలాంటి మనిషికి ఇలాంటి అల్లుడు దొరికాడేమిటా అనుకునేదాన్ని.

భీముడి పెళ్ళిలో అయితే ఇంకా ఘోరం. థింసా ఆటకి ఆడవాళ్ళు చేతులు పట్టుకుని వరసలో నిలబడిపోయారు. డప్పులు సిద్ధం. సోంబరు పెట్టె మీద చెయ్యి తియ్యడు. పెళ్ళికొడుకు భీముడు స్వయంగా వచ్చి బతిమాలాడు.

"బావా, అన్నాలు సల్లారిపోతన్నాయి. నీ పెట్టె వేడెక్కట్లేదు. రొండూ కలిపి ఓ పొయ్యి మీదెట్టేద్దారా?"

"కూసింతసేపు బావా. గొట్టం ఇంకా ఎర్రబడలేదు."

డప్పులవాళ్ళు డప్పులు కాచుకుని, అవి మళ్ళీ చల్లారితే మళ్ళీ కాచుకున్నారు. పెళ్ళికూతురి తరఫు ముసలివాళ్ళు "ఈడెవడు?" అని అడుగుతుంటే, "ఏమో, ఏ ఊరోడో" అని చెప్పి నేను వంటల పాకలోకి పోయి గిన్నెల వెనకాల కూర్చున్నాను. పెళ్ళికూతురి మేనమామ జీపు దిగి చెమటలు తుడుచుకుంటూ లోపలికొచ్చిన వేళకి గానీ ఆ గొట్టానికి బుద్ధి రాలేదు.

ఇంక ఈ బాధ తీరిపోతుందని నాకు తెలిసింది వరహాలరావుగారి వల్ల. ఆయనది కింద మైదానం ఊరు. ఇక్కడ రోడ్డు మీద టూరిస్టులకి గదులు అద్దెకిస్తారు. మా చర్చికి ఒక కొత్త పెట్టె కానుకగా తెచ్చారు. నల్లగా, తళతళలాడుతూ, ఒక్క చేత్తో ఎత్తేంత తేలిక.

"నొక్కగానే పలుకుతుందండి" అని పాస్టరుగారి ముందు నొక్కి చూపించారు. పలికింది.

పాస్టరుగారి మొహం వెలిగిపోయింది. "సోంబరూ, ఇకమీదట దీంతో వాయిద్దామా? ప్రార్థన టైముకి మొదలెట్టొచ్చు."

వాడు కొత్త పెట్టెని చూడలేదు. నన్ను చూశాడు. "అత్త ఏటంటాదో."

నన్నడుగుతాడేమిటి? "బేగి తీసుకో నాయినా" అన్నాను అందరూ వినేలా. "నీ వల్ల ఊళ్ళో తలెత్తుకోలేక సచ్చిపోతన్నాను."

వాడు పాత పెట్టెని ఇంటికి మోసుకొచ్చి, తుడిచి, స్వెట్టరు తొడిగి మూల పెట్టాడు.

ఆ ఆదివారం తీగల మోత వినపడగానే బయల్దేరాను. కాఫీ మొక్కల దగ్గర ఆగాను. పైనుంచి పాస్టరుగారి ప్రార్థన వినపడింది. ఇదేమిటి, ఇంత తొందరగానా అనుకున్నాను. మిరియాల తీగ దగ్గర ఆగలేదు. ఆగలేదంటే, మనసు ఆగలేదు గానీ మోకాలు ఆగిపోయింది. దాన్ని పట్టుకుని లాక్కుంటూ మలుపు దాకా వచ్చేసరికి పాట మొదలైంది. నా పాట. రాజకుమారి గొంతులో.

పరిగెత్తాలనుకున్నాను. మోకాలు మడత పడింది. అక్కడే మట్టిలో కూలబడ్డాను. పాటంతా అక్కడే కూర్చుని విన్నాను. ఒక్క చోట కూడా తప్పు పాడలేదు ముండ.

నేను లోపలికి వెళ్ళేసరికి అంతా కళ్ళు మూసుకుని ఉండాలి, ప్రార్థన జరుగుతోంది కదా. ఒక్కరి కళ్ళూ మూసి లేవు. చీరకి మట్టి, చెదిరిన జుట్టు. ఇన్నాళ్ళూ నేను పడ్డ సిగ్గంతా వాడిది. ఇది మాత్రం అచ్చంగా నా సొంతం. రాజకుమారి జరిగి చోటిచ్చింది. "రా అత్తా, కూకో. మోకాలు నొప్పా?" అని మెల్లగా అడిగింది. వెటకారంగా అడిగినా బాగుండేది.

"నొప్పేటి! మేకని తోలొచ్చాను."

ఇంటికొచ్చి సోంబరుని పట్టుకున్నాను. "నానొచ్చేదాకా ఆగలేకపోయావా? సొంత అత్తని కదా!"

"కొత్త పెట్టత్తా. అది వేడెక్కక్కర్లేదు. ఏటని సెప్పి ఆపను?" అన్నాడు తల దించుకుని. గొడ్డలి తీసుకుని కట్టెలు కొట్టడానికి పోయాడు.

సత్యకుమారి చేట పక్కన పెట్టి నన్ను చూసింది. "అమ్మా, ఆ వాల్వులు వేడెక్కడానికి ఎంతసేపు పడతాదనుకుంటన్నావు?"

"నాకేటి తెలుసు? గంటో, గంటన్నరో."

"నువ్వు పళ్ళెం కడిగేలోపు అయిపోతాది."

"మరి ఆదివారాలు..."

"సర్చి గుమ్మంలోంచి దారంతా కనపడతాది. నువ్వు కాఫీ మొక్కలు సూడ్డం, మేకల్ని తిట్టడం, అన్నీ కనపడతాయి. నువ్వు మలుపు తిరిగి పైకెక్కేదాకా నీ అల్లుడు పెట్టె మీద సెయ్యి తియ్యడు."

 అయినా వదలకుండా అడిగాను. "మరి భీముడి పెళ్ళిలో నాను అక్కడే ఉన్నాను కదే?"

"పెళ్ళికూతురి మేనమామ జీపు ఘాటీలో ఆగిపోయింది. ఆయన లేకుండా ఆట మొదలైతే ఆయనకెంత సిన్నతనం? ఆయన కోసమని సెప్పి ఆపినా సిన్నతనమే. అందుకే నేరం పెట్టె మీద ఏశాడు. పెట్టెకి సిగ్గేటి?"

"నాకొక మాట సెప్తే ఏం పోయింది?"

"సెప్తే నువ్వు సర్చికి రావడమే మానేత్తావని."

అదీ నిజమే. మానేసేదాన్ని. నాకోసం ఊరంతా ఆగిందని తెలిస్తే మంచమ్మీంచి లేచేదాన్ని కాదు. ఊరంతా వాణ్ణి చూసి నవ్వింది, వాళ్ళతో కలిసి నేనూ తిట్టాను. వాడు మాత్రం పెట్టెని నిమురుతూ కూర్చున్నాడు. బయట గొడ్డలి చప్పుడు వినిపిస్తోంది. వెళ్ళి ఒక మంచి మాట చెబుదామని లేచాను. గుమ్మం దాకా వెళ్ళాను. "సన్నగా కొట్టరా, పొయ్యిలో పట్టట్లేదు" అని వచ్చేశాను.

మర్నాడు పాస్టరుగారింటికి వెళ్ళాను. మోకాలి సంగతి ఎత్తకుండా పని జరగాలి. అదృష్టం కొద్దీ వరహాలరావుగారు అక్కడే ఉన్నారు. దురదృష్టం కొద్దీ సోంబరు కూడా ఉన్నాడు, కొత్త పెట్టె వైర్లు సర్దుతూ.

"పాస్టరుబాబూ, ఈ పెట్టె గొంతు బాగోలేదు."

వరహాలరావుగారు ఉలిక్కిపడ్డారు. "సోములమ్మగారూ, మంచి కంపెనీదండి!"

"కంపెనీదే. రేకు డబ్బాలో రాళ్ళేసినట్టుంది. జీర లేదు. జీర లేకపోతే గిటారేటి బాబూ? వాల్వు పెట్టయితే సాగుతాది. ఏడుపు ఆపుకుంటన్న మనిషి గొంతు. ఏలు మాట ఇంటాది. మా ఫెండరుందే, తుప్పల్లోంచి ఎలుగ్గొడ్డు లేచినట్టుంటాది."

"అది మార్షలత్తా" అన్నాడు సోంబరు వెనకనుంచి. "ఫెండరు వాగు నీళ్ళు."

"నువ్వూరుకో. ఎలుగ్గొడ్డు వాగులో నీళ్ళు తాగదేటి?"

"మీరే కదమ్మా సిగ్గుగా ఉందన్నారు?" అని వరహాలరావుగారు.

"సిగ్గు నాది బాబూ. పడతాను, మానేత్తాను. మీకేటి?"

పాస్టరుగారు గొంతు సవరించుకున్నారు. "ఆ పాతది వేడెక్కడానికి చాలా ఆలస్యమవుతుంది కదమ్మా?"

"దేవుడికి లేని తొందర మనకేటి బాబూ?"

ఆయన నా వంక చూశారు. తర్వాత నా కాళ్ళ వంక చూశారు. చర్చిలో ఆయన నిలబడే చోటు నుంచి కూడా దారి కనపడుతుందని నాకప్పుడు తట్టింది. "సరే. కొత్త పెట్టె మైకుకి వాడదాం. గిటారుకి పాతదే ఉండనీ" అన్నారు, నవ్వు దాచుకుంటూ.

వచ్చే దారిలో సోంబరు నా వెనకే నడిచాడు, నాకంటే నెమ్మదిగా. 

ఆదివారం తీగలు మోగాయి. బయల్దేరాను. కాఫీ మొక్కల వంక చూడలేదు, మేకల్ని పలకరించలేదు. చర్చి గుమ్మానికి ఎదురుగా, బాగా కనపడే చోట ఒక బండ చూసుకుని, కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. బొడ్లోంచి చుట్ట తీసి వెలిగించి, నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ లాగాను. పైన రాజకుమారి మా అల్లుణ్ణి దులిపేస్తున్న గొంతు ఇక్కడికి స్పష్టంగా వినిపిస్తోంది. దులపనీ. చుట్ట ఇంకా సగం ఉంది.