కొంగల దిబ్బ మీద మా విహారయాత్ర

జేబులో డబ్బుల్లేని వయసులో మనిషికి లోకమంతా చూడాలనిపించడం, నాలుగు డబ్బులొచ్చాక ఫ్యాను కింద పడుకోవాలనిపించడం ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆ రోజుల్లో నేను కృష్ణపట్నం పోర్టులో కొత్తగా చేరిన గుమాస్తాని (ఆఫీసులో దానికి ఇంకా పొడుగాటి ఇంగ్లీషు పేరుండేది, పని మాత్రం గుమాస్తాదే). కంపెనీ బస్సులో పోతూ వస్తూ ఫోనులో వీడియోలు చూసేవాణ్ణి. ఎవడో కుర్రాడు వీపున సంచి తగిలించుకుని, దీవి నుంచి దీవికి పడవల మీద తిరుగుతూ, పొద్దుగూకిన చోట గుడారం వేసుకుంటుంటాడు. ఖర్చు చూస్తే మా క్యాంటీను బిల్లంత కూడా ఉండదు. నాకు కడుపు మండిపోయేది. ఆ మంట మా బావ దగ్గర వెళ్ళగక్కాను. బావంటే మా అక్క మొగుడు. పెన్న ఒడ్డున వరి పండించే మనిషి, పెళ్ళయి ఇంకా ఏడాది తిరగలేదు, నోరు తెరిచాడంటే మూయడు. "దానికి థాయిలాండు దాకా ఎందుకురా? అల్లూరు దాటి పోతే ఉప్పుటేరు సముద్రంలో కలిసేకాడ మూడు దిబ్బలుండాయంట. చుట్టూ నీళ్ళేగదా, అయ్యి దీవులు కాదా? రాత్రికో దిబ్బ మీద పడుకుందాం పా" అన్నాడు.

కారు అద్దెకు అడిగితే డ్రైవరు చెప్పిన రేటు విని బావ, "కారు ఎక్కుతామన్నాం అబ్బయా, కొంటామన్లేదు" అని లేచి వచ్చేశాడు. మా అక్కతో మాత్రం రొయ్యల గుంట కౌలుకు చూసొస్తామని చెప్పాం. నెల్లూరు నుంచి అల్లూరుకు బస్సు, అక్కణ్ణుంచి రొయ్యల మేత బస్తాల మీద కూర్చుని షేరాటో, ఆ తర్వాత ఎండలో నడక. గుడారానికి బదులు వడ్లు ఆరబోసుకునే టార్పాలిన్ పట్ట ఒకటి బావ భుజాన మోశాడు. దాని చిల్లుల్లోంచి చుక్కలు కనబడతాయనీ, వీడియోలోవాడికి ఆ యోగం లేదనీ దారి పొడుగునా చెబుతూనే ఉన్నాడు. అక్క కట్టిచ్చిన పులిహోర, చింతకాయ పచ్చడి, ఎండురొయ్యల పొడి నేను మోశాను. ఒకదాన్ని మించి ఒకటి దాహం పుట్టించే సరుకేనని అప్పుడు తోచలేదు.

సముద్రం ఒడ్డున ఉన్న జాలర్ల పల్లె పట్టపుపాళెంలో ఒక ముసలాయన తన చిన్న పడవలో తీసుకెళ్తానన్నాడు. మేం ఆయన్ని తాతా అన్నాం. దారిలో ఎందుకో ఛాతీ రుద్దుకుంటూ తెడ్డేశాడు. సాయంత్రం చల్లబడే వేళకు కొంగల దిబ్బ మీద దించాడు. పేరు కొంగలదే గానీ కొంగ ఒక్కటి లేదు. ఇసుక, నాలుగు ముళ్ళపొదలు, అంతే. "నీళ్ళు తెచ్చుకున్నారా అబ్బయా?" అని అడిగాడు. నా సంచిలో ఉన్నవి రెండు సీసాలు. బావ నవ్వాడు. "ఇసక ఉన్నచోట నీళ్ళకేం కరువు తాతా? చెలమ తీసుకుంటాం" అన్నాడు. పెన్న ఒడ్డున పుట్టినవాళ్ళందరికీ ఉన్న తెగులిది. ఎండాకాలం ఏట్లో మోచెయ్యి లోతు గుంట తవ్వితే తియ్యటి నీళ్ళూరతాయి. ఆ నీళ్ళు తాగి పెరిగినవాడికి ప్రపంచంలో ఇసుకంతా ఒకటే. తాత మమ్మల్ని ఒక చూపు చూసి, తన సగం నీళ్ళ క్యాను ఇసుక మీద పెట్టాడు. "ఉంచుకోండి. పొద్దన్నే వొచ్చి పక్క దిబ్బకు మారుస్తా" అని వెళ్ళిపోయాడు.

ఆ క్యాను నీళ్ళతో మేం ఏం చేశామంటే, కాళ్ళు కడుక్కున్నాం (పులిహోర తినేముందు శుభ్రం ముఖ్యమని బావ ఉద్దేశం). మిగిలినవీ, నా రెండు సీసాలవీ భోంచేస్తూ తాగేశాం. తర్వాత బావ పంచె ఎగ్గట్టి చెలమ తవ్వాడు. నీళ్ళూ ఊరాయి. "చూడరా, ఊట ఎట్టుందో!" అని వంగి దోసిట్లో పట్టేసరికి చొక్కా జేబులోని ఫోను బుడుంగుమని అందులోనే పడింది. నీళ్ళు నోట్లో పోసుకుని అంతకన్నా పెద్ద చప్పుడుతో ఉమ్మేశాడు. నా ఫోను చార్జింగు పడవనూ అస్తమయాన్నీ వీడియో తియ్యడంలో ఎప్పుడో అయిపోయింది. అయినా మాకు దిగుల్లేదు. తెల్లారగానే తాత వస్తాడు గదా.

తెల్లారింది. తాత రాలేదు. ఎండెక్కింది. తాతే కాదు, ఏ పడవా రాలేదు. ముందురోజు సాయంత్రం కనబడ్డ పడవల్లో ఒక్కటి కూడా నీళ్ళ మీద లేదు. ఆదివారం కాదు, పండగ కాదు, గాలివాన కాదు, సముద్రం మాత్రం బోసిగా ఉంది. పట్ట కింద కూర్చుంటే పొయ్యి మీద మూతపెట్టినట్టుంది, బయట కూర్చుంటే మూత తీసినట్టుంది. బావ తాతను తిట్టడం మొదలుపెట్టాడు. "ముసిలోడు మనల్ని ఎండు చేపలు చెయ్యాలనే ఈడ దించినాడురా. బాడుగ ముందే తీసుకున్నాడు గదా, యింకెందుకొస్తాడు? యింట్లో కాళ్ళు చాపుకొని పండుకోనుంటాడు." నేనూ తగ్గలేదు, వంత పాడాను. ఏరు దాటి పోదామంటే ఇద్దరికీ ఈత రాదు. ఖాళీ క్యాను నోట్లో బోర్లించుకుని బావ మళ్ళీ తిట్టాడు. చివరికి, "ఉప్పగుంటే ఏంలే, నీళ్ళు నీళ్ళే" అని వద్దన్నా వినకుండా చెలమలో నీళ్ళు కడుపునిండా తాగాడు.

ఇక్కణ్ణుంచి నవ్వించడం నావల్ల కాదు. కాసేపటికి బావ వాంతులు చేసుకున్నాడు. కాళ్ళు కొంకర్లు పోయాయి. అన్నిటికన్నా నన్ను భయపెట్టింది ఆయన మాట్లాడ్డం మానెయ్యడం. పెళ్ళిపీటల మీద కూడా మాట్లాడుతూనే ఉన్న మనిషి, పెదాలు పగిలి తెల్లబడి, పట్ట కింద మూటలా ముడుచుకుపోయాడు. నా తువ్వాలు తడిపి మొహం మీద వేస్తుంటే కళ్ళు తెరవకుండానే, "మీ అక్కకు రొయ్యల గుంటనే చెప్పురా. దిబ్బని చెప్పబాకు, నవ్వుద్ది" అన్నాడు. ఆ క్షణాన నాకు మా అక్క మొహం తప్ప ఇంకేమీ కనబడలేదు. బావ చచ్చిపోతాడని నిజంగానే అనుకున్నాను. దిబ్బ చివరికి పోయి గొంతు పోయేదాకా అరిచాను. మా అమ్మను పిలిచాను, దేవుణ్ణి పిలిచాను, తాతను మాత్రం బూతులతో పిలిచాను.

మధ్యాహ్నం దాటాక ఒకే ఒక్క పడవ వచ్చింది. అందులో తాత లేడు. నడివయసు మనిషి ఒకడు దిగి, బావ తల ఒళ్ళో పెట్టుకుని నీళ్ళు కొంచెం కొంచెంగా తాగించాడు. నా చేతికీ ఒక సీసా ఇచ్చాడు. గొంతు తడవగానే నాకు కోపం లేచొచ్చింది. "ఏందన్నా ఇది? మనుషుల్ని దిబ్బ మీద పారేసి పోతారా? యాడికి పోయినాడు ఆ ముసలాయన?" అని ఎగిరాను. ఆయన బావను మోసుకెళ్ళి పడవలో పడుకోబెట్టి తెడ్డు అందుకున్నాడు. ఒడ్డు దగ్గరయ్యే కొద్దీ పలక డప్పుల మోత వినబడింది. "ఎవరన్నా పోయినారా?" అన్నాను. "మా నాయన. నిన్న మిమ్మల్ని దించి వొచ్చి, గంజి తాగి పండుకున్నాడు. లేవలా" అన్నాడు. తెడ్డు మాత్రం ఆపలేదు.

ఊళ్ళో శవం లేచేదాకా ఒక్క పడవ కూడా నీళ్ళలో దిగకూడదనేది ఆ పాళెం కట్టుబాటు. అందుకే సముద్రం అంత బోసిగా ఉంది. పడుకోబోతూ తాత "దిబ్బ మీద పిలకాయలుండారు, పొద్దన్నే పోవాల" అన్నాడట. ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిన ఆయన భార్యకు, ఆ అవ్వకు, ఆ మాట గుర్తొచ్చేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. పెద్దలు కట్టుబాటు తప్పకూడదన్నారట. అవ్వ శవం పక్కనుంచి లేచి, "ఆయన వొస్తానని చెప్పినోళ్ళు అటుండగా ఆయన్ని ఎట్టా లేపుతారు? వోళ్ళొచ్చినాకే లేపండి" అని పాడెకు అడ్డంగా కూర్చుందట. మేం ఒడ్డున దిగేసరికి ఊరంతా మాకోసమే నిలబడి ఉంది. పాడె మీద పూలు వాడిపోయాయి. అవ్వ నా మొహం నిమిరి, బావ మొహం చూసి, "వొచ్చినారు, ఇంక లేపండి" అంది.

బావ నిలబడలేకపోతున్నా పాడె పట్టుకుంటానని పట్టుబట్టాడు. నాలుగడుగులు వేసి కూలబడ్డాడు. మా ఎర్రటి కళ్ళూ పగిలిన పెదాలూ చూసి ఎవరో ఒకామె, "ఇంతగా ఏడ్చే చుట్టాలు పెద్దాయనకు ఏ ఊర్లో ఉండార్రా?" అని పక్కామెను అడిగింది. మేం ఏ ఊరో చెప్పలేదు. మిగతా రెండు దిబ్బలు ఎలా ఉంటాయో మాకు ఈనాటికీ తెలియదు.

ఇప్పుడు నేను నెల్లూరులో మూడో అంతస్తులో ఫ్యాను కింద ఉంటాను. హోటలు నుంచి తెప్పించుకున్న బిర్యానీ ఆలస్యమైతే మా ఆవిడ ఫోను తీసి కంపెనీకి ఫిర్యాదు చెయ్యబోతుంది. "ఉండవే, ఆ తెచ్చే అబ్బాయికి ఏమైందో ఏమో" అంటాను. "అరగంట ఆలస్యమైతే మనిషి పోయినట్టేనా? మీరూ మీ చాదస్తమూ!" అని ఆవిడ నవ్వుతుంది. నేనూ నవ్వుతాను. కానీ కింద బండి ఆగిన చప్పుడు వినబడేదాకా బాల్కనీలోంచి లోపలికి మాత్రం రాను.